పాత ఫిలిప్పీన్ కత్తిని, దాని తోలు ఒరను పాడుచేసినందుకు ఫిర్యాదు

హ్యూస్టన్,
సెప్టెంబరు 20, 2024.

మేనేజరు గారికి,

నమస్కారం. జూన్‌లో మేము న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి హ్యూస్టన్‌కు ఇల్లు మారినప్పుడు సామాను తెచ్చింది మీ కంపెనీయే. మీరూ తెలుగువారే కాబట్టి మన భాషలోనే రాస్తున్నాను. సోఫా కాలు విరిగింది, రెండు గాజు గిన్నెలు పగిలాయి. వాటి సంగతి వదిలేయండి. ఈ ఉత్తరం ఒక్క పెట్టె గురించి. మీ జాబితాలో అది 41వ నంబరు.

అందులో మూడు పాత ఫిలిప్పీన్ కత్తులున్నాయి. ఆకు ఆకారంలో ఉండే సులు దీవుల బరోంగ్ కత్తి, క్రిస్ అనే పొడవాటి కత్తి. ఆ రెండింటివీ చెక్క ఒరలు, క్షేమంగానే చేరాయి. మూడోది లూజాన్ దీవి బోలో, అంటే మచ్చుకత్తిలాంటిది. గేదె కొమ్ము పిడి, ఇత్తడి పట్టీ, తోలు ఒర. ఒర వెనకవైపు సిరాతో ‘మనీలా 1899’ అని, కింద రెండు పొడి అక్షరాలు ఉండేవి.

నేను ఫిలిప్పీన్స్‌లోని దవావోలో డాక్టరీ చదివాను. మేం అద్దెకున్న ఇంటి పెద్దావిడను అందరం లోలా అనేవాళ్లం. అక్కడ అమ్మమ్మనైనా నానమ్మనైనా అలాగే పిలుస్తారు. వాళ్ల నాన్న బోలో గోడకు వేలాడుతూ ఉండేది. వానలు మొదలవగానే ఆవిడ కత్తిని ఒరలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఒరను వేరే మేకుకు తగిలించేది. కత్తుల మీద నాకు ప్రేమ కలిగింది ఆ ఇంట్లోనే. తర్వాత చాలా ఏళ్లకు పెన్సిల్వేనియాలో ఒక ముసలాయన ఇంటి సామాను అమ్ముతుంటే ఈ బోలో నా కంటబడింది.

1898 డిసెంబరులో పారిస్ ఒప్పందంతో స్పెయిన్ ఫిలిప్పీన్స్‌ను 2 కోట్ల డాలర్లకు అమెరికా చేతిలో పెట్టింది. 1899 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్ సేనకూ అమెరికన్లకూ యుద్ధం మొదలైంది. ఆ రోజుల్లో ఎవరో సిపాయి ఇంటికి తెచ్చుకున్న కత్తి ఇది అనడానికి ఉన్న ఆధారం ఆ సిరా రాత ఒక్కటే. దాన్ని కొట్టిన కమ్మరి ఎవరో తెలియదు, మొలకు కట్టుకు తిరిగిన మనిషెవరో తెలియదు.

అందుకే పెట్టె మూత మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి అంటించాను: కత్తిని ఒరలో పెట్టొద్దు, ప్లాస్టిక్ చుట్టొద్దు, తోలుకు టేపు తగలనివ్వొద్దు, ఏసీ గదిలోనే ఉంచండి. ఇది చాదస్తం కాదు. అలాంటి తోలును చెట్టు బెరడుతో పదును చేస్తారు. ఫిలిప్పీన్స్‌లో కమచిలే బెరడు వాడేవారు. అది మన సీమచింత చెట్టే. బెరడు పులుసు తోలులో ఉండిపోతుంది. తేమ తగిలితే అదే ఉక్కును తింటుంది, ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తుంది. పైన ప్లాస్టిక్ చుడితే ఆ తేమ బయటికి పోయే దారి ఉండదు.

మీవాళ్లు ఒరలో పెడితేనే భద్రమనుకుని కత్తిని అందులోకి దోపారు. బబుల్ ర్యాప్ చుట్టారు. ఊడకుండా తోలు మీదే నాలుగు చుట్లు టేపు వేశారు. ఏసీ గదికి నా దగ్గర అద్దె తీసుకుని, ఏడు వారాలు మామూలు రేకుల గోడౌన్‌లో ఉంచారు. మీరిచ్చిన రసీదు మీదే ఆ గోడౌన్ నంబరుంది. హ్యూస్టన్‌లో జూలై ఉక్క ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఆగస్టు మొదటివారంలో గోడౌన్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. “తుప్పు పట్టింది అంకుల్, మేమే శుభ్రం చేసేశాం. ఇప్పుడు కొత్తదానిలా మెరుస్తోంది, ఒరకి కూడా నూనె పట్టించాం” అన్నాడు. మంచి మనసుతోనే చేశాడు. ఆ అబ్బాయి ఉద్యోగానికి మాత్రం ముప్పు తేవద్దని ముందే కోరుతున్నాను. పాత వస్తువును తాకకూడదని అతనికి నేర్పనిది మీరు.

ఇంటికొచ్చాక దీపం కింద పెట్టి చూశాను. కత్తి మీద ముదురు గోధుమ రంగు పొర ఉండేది. నూరేళ్ల పైబడి ఎన్నో చేతులు తుడవగా తుడవగా ఏర్పడింది. వాదర వెంట కమ్మరి ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచిన చోట సన్నటి మబ్బుచారలాంటి గీత కనిపించేది. ఇప్పుడు పొరా లేదు, గీతా లేదు, అడ్డదిడ్డంగా ఉప్పుకాగితం గీతలు. టేపు పీకిన చోట తోలు పైపొర దానితోపాటే లేచిపోయింది. అక్కడ వేలు పెడితే ఇటుక పొడిలా ఎర్రగా అంటుకుంది. గాలిలోని గంధకపు పొగ ఏళ్ల తరబడి పీల్చిన పాత తోలు లోపల అలా పొడి అయిపోతుంది. దాన్ని వెనక్కి తేలేం, ఉన్నది రాలిపోకుండా మాత్రం నిలబెట్టుకోగలం. ఇన్నాళ్లూ పైపొర దాన్ని కాపాడింది. నూనె పట్టించిన వైపు తోలంతా నల్లబడి జిడ్డు కారుతోంది. సిరా రాతలో చివరి 9 తోక తప్ప ఏదీ కనబడటం లేదు. ఒరను మొలకు కట్టుకునే తోలు పట్టీ కూడా తెగిపోయింది. ఆ ముక్క పెట్టెలో లేదు.

దీనికి మీ క్లెయిమ్స్ విభాగం ఇచ్చిన జవాబు ఒక్క వాక్యం: పౌండు బరువుకు 60 సెంట్ల చొప్పున, 2 పౌండ్లకు 1 డాలరు 20 సెంట్లు. ఆ లెక్క తక్కువ పూచీ ఎంచుకున్నవాళ్లకు. నేను పూర్తి విలువ రక్షణకు డబ్బు కట్టాను. పౌండుకు 100 డాలర్ల విలువ మించిన వస్తువులను విడిగా రాసివ్వాలన్నది రూలు, అదీ రాసిచ్చాను. మీ డ్రైవరు సంతకం చేసిన ప్రతి దీనితో జతచేస్తున్నాను. క్లెయిమ్ అందిన 120 రోజుల్లోగా తేల్చాలని ఫెడరల్ నిబంధన. నేను ఇచ్చింది ఆగస్టు 12న.

పాత తోలు, లోహపు వస్తువులను కాపాడే నిపుణురాలికి (కన్సర్వేటర్‌కు) కత్తినీ ఒరనూ చూపించాను. ఆమె వేసిన అంచనా కూడా జతచేశాను. ఆ ఖర్చు మీరు భరించాలి. ఏసీ గదికి తీసుకున్న అద్దె తిరిగి ఇవ్వాలి. తెగిన తోలు పట్టీ కోసం ఆ ట్రక్కులోనూ గోడౌన్‌లోనూ వెతికించండి. బొటనవేలంత ముక్క, మధ్యలో ఇత్తడి రివెట్ ఉంటుంది. చెత్త అనుకుని ఊడ్చేస్తారేమోనని నా భయం.

వీటన్నిటికంటే ముందు కావాల్సింది ఒకటుంది. ఒరకు ఏ నూనె పట్టించారు? ఉప్పుకాగితం పెట్టాక కత్తికి ఏం పూశారు? పొడి అవుతున్న తోలును నిలబెట్టడానికి ఆల్కహాల్‌లో కలిపి పట్టించే మందు ఒకటుంది. నూనె తాగిన తోలుకు అది సరిగా పట్టదట. నూనె ఏదో తెలిస్తే దాన్ని ఎంతవరకు లాగేయవచ్చో చూస్తానని, ఆ తర్వాత పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో ఫోటో తీస్తే సిరా రాత కనిపించే అవకాశం ఉందని ఆమె అన్నారు. రోజులు గడిచేకొద్దీ నూనె లోపలికి ఇంకుతూనే ఉంటుంది. ఆ అబ్బాయిని అడిగి, నూనె డబ్బా లేబుల్ ఫోటో తీసి ఈ వారంలోనే నాకు పంపండి. డబ్బు లెక్కలు ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
41వ నంబరు పెట్టె యజమాని