మన విత్తన సేకరణ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది నారయేపి సంగతే. ఈ చెట్టు ఏటా బాగా కాయదు. మంచి కాపు కోసం మూడు నుంచి ఐదేళ్లు ఎదురుచూడాలి. నిరుడు ఏప్రిల్లో చెట్లు విరగకాశాయని నల్లమల అడవిలోని బైర్లూటి వైపు చెంచు పెద్దలు కబురు పంపారు. నారయేపి కాయ రెక్కలా పల్చగా ఉంటుంది, ఉన్న ఒక్క గింజా కొసన ఉంటుంది. గాలి లేచిందంటే ఇక దొరకదు. అందుకని ఎండ ఎక్కకముందే ఊరి పొలిమేరలోని చెట్ల కింద టార్పాలిన్ పట్టలు పరిచి, దోటీలతో కొమ్మలు కదిపాం. గూడెం ఆడవాళ్లు, హైస్కూలు పిల్లలు, రిటైరైన మాస్టార్లు అంతా చేయి వేశారు. ఏ చెట్టునూ పూర్తిగా దులపలేదు, నాలుగో వంతు దాటనివ్వలేదు. ఒకే చెట్టు గింజలతో అడవి పెంచితే తెగులు వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి కాబట్టి దూరదూరంగా ఉన్న చెట్ల నుంచి ఏరాం. పులుల అభయారణ్యం లోపల మనం చెయ్యి పెట్టలేదు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం అక్కడి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు గూడెం వాళ్లది. వాళ్లు ఏరి తెచ్చిన గింజలకు డబ్బిచ్చి కొన్నాం. నారయేపి వేరు నిలువునా లోతుకు దిగుతుంది, చిన్న కవర్లలో చుట్టుకుపోతుంది. అందుకే చాలావరకు తొలకరికి గట్ల మీద నేరుగా విత్తేశాం.

వేప దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. జూన్, జూలైలో పండ్లు రాలతాయి. ఏరిన గింజను ఊరికే ఉంచితే రెండు మూడు వారాలకే మొలిచే శక్తి తగ్గిపోతుంది. ఇప్ప, నేరేడు కూడా ఇంతే. రమ్మని పిలిస్తే వాట్సాప్ గ్రూపులో సరేనని బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు బోలెడుమంది, గంప పట్టినవాళ్లు నలుగురైదుగురు. గుజ్జు కడిగి నీడన ఆరబెట్టే మనుషుల్లేక పండ్లు గోనెసంచుల్లోనే వేడెక్కి బూజు పట్టాయి, పారబోశాం. ఫంక్షన్లు ఉన్నాయన్నారు. ఆషాఢంలో ఏం ఫంక్షన్లో నాకైతే అర్థం కాలేదు.

రేల గింజ తోలు గట్టిది. కాగిన నీళ్లు పొయ్యి మీద నుంచి దించి, అందులో వేసి రాత్రంతా నానబెట్టాం, మొలకలు బాగా వచ్చాయి. కానుగలో పుచ్చులు ఎక్కువ. కుంకుడు, తాని గింజలు ఇంకా మళ్లలోనే ఉన్నాయి, చూడాలి.

నర్సరీ స్థలం కోసం పెట్టుకున్న అర్జీ ఒక ఆఫీసులో బల్లలు మారుతూనే ఉంది. ఎప్పుడు వెళ్లినా ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అనే జవాబే. ఆ మీటింగ్ అయిపోయేలోపు మన నారు చెట్లయిపోయేలా ఉంది. అంతవరకూ పెరడు, బోరు నీళ్లు ఉచితంగా ఇస్తున్న మన ఉపాధ్యక్షుల వారి కుటుంబానికి కృతజ్ఞతలు. గింజ గుర్తుపట్టడం నేర్పిన చెంచు పెద్దలకు, పిల్లల్ని పంపిన హెడ్మాస్టరు గారికి, అడగకుండానే ట్రాక్టర్ తోలిన రైతు సోదరుడికి, టార్పాలిన్లు అరువిచ్చిన టెంట్ హౌస్ వారికి, ఏరేవాళ్లకు మజ్జిగ మోసిన అక్కలకు, గదిలో గింజల డబ్బాలకు చోటిచ్చి వాసన భరించిన మన కోశాధికారి సతీమణి గారికి పేరుపేరునా నమస్కారాలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక ఈ నివేదిక వెనక ఉంది. చందాలు, విరాళాలు వచ్చాయి, కూలి, డీజిల్, కవర్లకు పోయాయి. మిగులు కొద్దిగానే ఉంది. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఈసారికి చదవడం లేదు.

ఈ వేసవికి వేప, ఇప్ప బాధ్యత వార్డులవారీగా పంచుతున్నాం. రిజిస్టరు ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. వాట్సాప్ గుర్తులు చెల్లవు, సంతకం చేయాలి. టీ అయ్యాక కార్యవర్గ ఎన్నిక.

కార్యదర్శి