సహవాసం వార్షిక నివేదిక: బాకీలు తీర్చుకున్న ఏడాది

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో ఎన్ని కూటాలు పెట్టాం, వాక్యం ఎవరు చెప్పారు అని రాస్తూ వచ్చాం. ఈసారి అవన్నీ క్లుప్తంగా చెప్పేస్తాను. వారం వారం ప్రార్థన కూటం జరిగింది, యువత కూటం మధ్యలో కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలైంది, క్రిస్మస్, ఈస్టర్ ఆరాధనలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు, అడగాల్సినవి మొహమాటపడకుండా అడగండి.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది లూకా సువార్త 19వ అధ్యాయం మనతో ఏం చేయించిందో దాని గురించి.

జక్కయ్య మనకు సండే స్కూల్ నుంచీ తెలుసు. పన్నులు వసూలు చేసే సుంకరి, పొట్టివాడు, యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కాడు, యేసు ఆయన ఇంటికి వెళ్ళాడు, అంతే గుర్తు. బైబిలు స్టడీలో ఒక సహోదరి, "అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా, ఆ నాలుగు అనే లెక్క ఎక్కడిది?" అని అడిగారు. ఎవరికీ వెంటనే తోచలేదు, ఇంటికెళ్ళి వెతికి మరుసటి వారం వచ్చాం. లేవీయకాండము 6లో, సంఖ్యాకాండము 5లో, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలని ఉంది. నిర్గమకాండము 22లో మాత్రం గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా ఒకదానికి నాలుగు ఇవ్వాలి. అంటే తనంతట తాను ఒప్పుకున్నవాడికి అయిదో వంతుతో సరిపోయేది, అయినా ఆయన గొర్రెల దొంగకు పడే లెక్కే తన మీద వేసుకున్నాడని మాకు అర్థమైంది. వసూళ్ళలో అందరూ చేసేదే కదా అని సర్ది చెప్పుకోలేదు. ఆ రోజు కూటం ముగిసినా చాలాసేపు ఎవరూ లేవలేదు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. జక్కయ్య డబ్బు మాట ఎత్తకముందే యేసు ఆయన ఇంట్లో ఉంటానన్నాడు. తిరిగి ఇవ్వడం క్షమాపణకు కట్టే వెల కాదు. క్షమించబడినవాడు ఇక ఆ సొమ్ము దగ్గర పెట్టుకోలేడు, అంతే.

ఆ తర్వాత మనం చేసింది చిన్న పనే. ఒక్కొక్కరం ఒక కాగితం మీద, ఎవరికి ఏం బాకీ ఉన్నామో, డబ్బైనా, మాటైనా, రాసుకున్నాం. ఎవరిది వాళ్ళ దగ్గరే. గుడ్ ఫ్రైడే లోపు ఒక్కరి దగ్గరికైనా వెళ్ళాలనుకున్నాం, ఎందుకంటే కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పింది మనకే. కొందరు వెళ్ళారు. ఉద్యోగానికి వెళ్ళని రోజులకు హాజరు వేసుకున్న ఒకాయన ఆ జీతం తిరిగి కట్టారు. ఒక తల్లి, తప్పు చేయని కొడుకును కొట్టినందుకు, వాడి ఎదుట కూర్చుని క్షమించమని అడిగింది. ఆస్తి గొడవలో ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళారు. ఎవరి పేరూ రాయడం లేదు, సాక్ష్యాల కూటం కూడా పెట్టలేదు, అది పొగడ్తల పోటీ అయిపోతుందని భయపడ్డాం.

నా సంగతి మాత్రం పేరుతోనే చెప్పినట్టు, ఎందుకంటే ఇది మీలో చాలామంది ముందు జరిగింది. ఒక సభ్యుడు లేనప్పుడు కమిటీ మీటింగ్‌లో ఆయన లెక్కల మీద అనుమానం వచ్చేలా మాట్లాడాను, తర్వాత చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. ఇంటికెళ్ళి క్షమాపణ అడిగాను. ఆయన కోపపడలేదు గానీ, "నలుగురిలో అన్న మాట నాకొక్కడికి చెబితే ఎలా పోతుందండీ?" అన్నారు. రెండు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదు. చివరికి అదే మీటింగ్‌లో, అదే మనుషుల ముందు, నేను అన్నది అబద్ధమని చెప్పాను. పశ్చాత్తాపం గురించి ఇన్నేళ్ళు ప్రార్థించాను గానీ, అది గొంతులో ఇంత అడ్డం పడుతుందని అప్పుడే తెలిసింది.

అన్నీ బాగా జరగలేదు. ఒక సోదరి వెళ్తే అవతలివాళ్ళు తలుపు తీయలేదు. వెళ్ళడం మన వంతు, క్షమించమని ఒత్తిడి చేసే హక్కు మనకు లేదు, ఈ విషయం ముందే చెప్పి ఉండాల్సింది. కొందరు కాగితం రాసుకుని అక్కడే ఆగిపోయారు. ఇంకొకటి, చట్టం చూడాల్సిన తప్పు, ముఖ్యంగా పిల్లలకో స్త్రీలకో జరిగిన హాని, 'ప్రార్థించాం, ఒప్పుకున్నాడు' అని మూసేయకూడదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. దయచేసి ఎవరూ దాన్ని రాజీ పేరుతో తోసేయకండి.

ఈ ఏడాదితో ఇది అయిపోయినట్టేనా అని కొందరు అడిగారు. 1517లో, సంఘ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిదే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలన్నది ప్రభువు కోరిక అని. కాబట్టి వచ్చే ఏడాది లూకా 3వ అధ్యాయం చదువుతాం. మేమేం చేయాలని అడిగిన సుంకరులకు, సైనికులకు బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానేయమనలేదు, నియమించినదానికి మించి వసూలు చేయవద్దన్నాడు, బెదిరించి లాక్కోవద్దన్నాడు. అదే ప్రశ్న మన మన ఉద్యోగాల గురించి వేసుకుందాం. మొదటి కూటానికి వచ్చేటప్పుడు, ఇంకా కొట్టివేయని పేరు ఉన్న కాగితం మీ దగ్గర ఉంటే, దాన్ని కూడా తెచ్చుకోండి.

మీ సహోదరుడు,
కార్యదర్శి