పుర్రె బొమ్మలతో పిల్లలు భయపడరు

సంపాదకులకు,

గంజాయి పట్టుబడిందన్న వార్త మీ జిల్లా పేజీలో లేని వారం ఉండటం లేదు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి దిగే సరుకును హైవే మీద పట్టుకుంటున్నారు, సంతోషమే. ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పుకునే నా బెంగ వేరు. సాయంత్రం బ్యాచ్ వదిలాక బళ్ల దగ్గర ఒకడు "సిగరెట్ కంటే నయంరా, ఆకే కదా, ఒంటికేం కాదు" అంటుంటే మిగతావాళ్లు తలూపుతున్నారు. వాళ్లలో తాగినవాడు ఒక్కడూ లేడనే నా నమ్మకం, అయినా తలూపారంటే సగం దూరం వెళ్లిపోయినట్టే.

ఇది నా చాదస్తం అనుకోకండి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 1975 నుంచి ఏటా హైస్కూల్ పిల్లలను అడుగుతున్నారు. 1978లో గంజాయి రెగ్యులర్‌గా తాగితే చాలా ప్రమాదం అన్నవాళ్లు ఆఖరి ఏడాది పిల్లల్లో నూటికి 35 మందే, ఆ నెలలో తాగామన్నవాళ్లు 37 మంది. 1991కల్లా ప్రమాదం అన్నవాళ్లు 79 మందయ్యారు, తాగేవాళ్లు 14కి పడిపోయారు. చిత్రమేమిటంటే, కావాలంటే తేలిగ్గా దొరుకుతుందని చెప్పేవాళ్లు మాత్రం ఆ పదమూడేళ్లలో పెద్దగా తగ్గలేదు! సావాసాలూ, ఇంట్లో గొడవలూ లెక్కలోకి రావని అనను గానీ, పిల్లాడి మనసులో ఉన్న అభిప్రాయాన్ని మనం బొత్తిగా పట్టించుకోవడం లేదు.

జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం, వస్తే ప్లకార్డులిచ్చి ర్యాలీ తీయిస్తాం, పుర్రె బొమ్మ ఫ్లెక్సీ కడతాం, ఒక్క దమ్ము లాగితే పిచ్చెక్కుతుందని ఉపన్యాసం దంచుతాం. తాగి కూడా శుభ్రంగా పాసైన సీనియర్ ఒకడు పిల్లలకు తెలిసే ఉంటాడు, ఇక ఆ తర్వాత మనం చెప్పే నిజం కూడా వాళ్లు నమ్మరు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుందని, టీనేజీలో మొదలుపెడితే మానలేని స్థితికి చేరే ప్రమాదం ఎక్కువని, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయని, కొందరిలో తీవ్రమైన మానసిక జబ్బుకు కూడా దారితీయొచ్చని, అందరికీ అలా అవ్వదని కూడా, ఉన్నదున్నట్టు చెబితే పోయేదేముంది? ఎంట్రన్స్ టెన్షన్‌లో ఉన్నవాడికి జ్ఞాపకశక్తి మాటెత్తితే వెంటనే చెవికెక్కుతుంది.

మీరు పట్టివేత వార్త వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్సు కట్టి, పిల్లల సందేహాలకు మానసిక వైద్యుల చేత జవాబులు రాయించండి. పోలీసులకు సమాచారమిచ్చే ఈగల్ (రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక పోలీసు విభాగం) నంబరు 1972 ఎలాగూ వేస్తారు, మాన్పించడానికి సలహా ఇచ్చే 14446 కూడా వేయండి. కేసవుతుందేమో, పరువు పోతుందేమో అని హడలిపోయే తల్లిదండ్రులకు ముందు కావలసింది ఆ రెండోదే.

– ఒక ట్యూషన్ మాస్టారు, అమలాపురం