రెండు డిస్కులుంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు

ఎడిటర్ గారికి,

మార్చి 31 దగ్గరపడుతోంది. ఆడిటర్ల ఆఫీసుల్లో అర్ధరాత్రి దాకా లైట్లు వెలిగే రోజులివి. అదే తేదీని కంప్యూటర్లవాళ్లు ప్రపంచ బ్యాకప్ దినంగా పాటిస్తారు. కానీ ఆ లెక్కలున్న కంప్యూటర్ సంగతి అడిగితే షాపుల్లో, క్లినిక్కుల్లో, స్కూళ్లలో తరచూ వినబడే జవాబు ఒకటే: "మా సర్వర్‌లో రెండు డిస్కులున్నాయండీ, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది." అమ్మినవాళ్లు చెప్పి వెళ్లిన మాట అది. అందులో సగమే నిజం.

రెయిడ్-1 అనే ఆ ఏర్పాటులో రాసిన ప్రతిదీ ఒకేసారి రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒక డిస్కు మోటారు ఆగిపోయినా రెండోది పని నడిపిస్తుంది, షాపు మూయక్కర్లేదు. దాని ఉపయోగం అంతవరకే. గుమస్తా పొరపాటున కంపెనీ ఫోల్డర్ డిలీట్ కొడితే రెండు చోట్లా అదే క్షణంలో పోతుంది. పైగా రెండూ ఒకే పెట్టెలో, ఒకే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే భాగం) మీద నడుస్తాయి. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఓల్టేజీ ఎగబాకినప్పుడు ఆ ఎస్‌ఎంపీఎస్ కాలితే రెండు డిస్కులూ కలిసే పోవచ్చు. ఇంకో చిక్కు ఏమిటంటే, మొదటి డిస్కు పోయినా పని ఆగదు కనుక ఎవరికీ తెలియదు. నెలల తరబడి ఒంటి డిస్కు మీద నడిచి, అదీ పోయిన రోజున గానీ సంగతి బయటపడదు. రెయిడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి "డీగ్రేడెడ్" (ఒక డిస్కు పోయింది) అని ఉందేమో నెలకోసారి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

డిస్కు ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. (రెయిడ్ కార్డు వెనక ఉన్న డిస్కులు ఒక్కోసారి ఇందులో కనబడవు, వాటికి ఆ కార్డు తాలూకు సాఫ్ట్‌వేరే గతి.) అందులో చూడాల్సినవి నాలుగు వరసలు. 05 అంటే పాడైపోయి పక్కనపెట్టిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గదులు), సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, సీ6 అంటే ఇక చదవలేనివి. వీటి పక్కన రా వాల్యూ (అసలు లెక్క) సున్నా ఉండాలి. సీ5 రోజురోజుకీ పెరుగుతుంటే ముందు డేటా బయటికి తీయండి. చాలామంది టెక్నీషియన్లు వెంటనే విండోస్‌లో డిస్కును తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడిపిస్తారు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తించడం అది. ఇక సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు డిస్కుది కాదు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే సాటా కేబుల్‌ది. చౌకగా దొరికే ఆ తీగ మార్చి చూడకుండా కొత్త డిస్కు బిల్లు వేసేవాళ్లూ ఉన్నారు.

"మాది గూగుల్ డ్రైవ్‌లో ఉందండీ" అనేవాళ్లదీ దాదాపు అదే భ్రమ. సింక్ చేసే ఫోల్డర్ అద్దం లాంటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, చెత్తబుట్టలో 30 రోజులుండి అక్కడి నుంచీ పోతుంది. పెళ్లిళ్ల ఫొటో స్టూడియోలకైతే ఇంకో ఇబ్బంది, అప్‌లోడ్ వేగం. 500 జీబీ వీడియోలు 40 ఎంబీపీఎస్ లైను మీద ఎక్కాలంటే ఎక్కడా ఆగకపోయినా దాదాపు 28 గంటలు పడుతుంది.

కాబట్టి చిన్న ఆఫీసుకు ఇప్పటికీ మంచి మార్గం రెండు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు. వాటి మీద మార్కర్‌తో అ, ఆ అని రాయండి. ఈ వారం అ, వచ్చే వారం ఆ. కాపీ అవగానే పీకేయాలి. ఎప్పుడూ గుచ్చి ఉంచిన డిస్కు కంప్యూటర్ దృష్టిలో ఇంకో డ్రైవే, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) దానికీ తాళం వేస్తుంది. 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ (లోపం సరిదిద్దే అప్‌డేట్) ఇచ్చింది అంతకు ముందు మార్చిలోనే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి, అయినా బిల్లింగ్ కౌంటర్లలో అది ఇంకా నడుస్తూనే ఉంది.

డిస్కును నీలం రంగు పోర్టుకే గుచ్చండి. యూఎస్‌బీ 3 అయితే సెకనుకు 100 ఎంబీ చొప్పున ఒక టీబీ మూడు గంటల లోపు అవుతుంది. పాత నల్ల పోర్టులో ఎనిమిది గంటలు పడుతుంది, సగంలో ఎవరో ఒకరు పీకేస్తారు.

కాపీ చేయడంలోనూ మెలకువలున్నాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ తెరిచి ఉండగా ఫోల్డర్ కాపీ చేయకూడదు. అందరినీ బయటికి రమ్మని, దాని సొంత బ్యాకప్ ఆప్షన్ వాడాలి. ఆసుపత్రి బిల్లింగ్, స్కూలు ఫీజుల సాఫ్ట్‌వేర్ల వెనక డేటాబేస్ నడుస్తుంటుంది. నడుస్తున్న ఫైళ్లను కాపీ కొడితే ఒక ఫైలు పది గంటలప్పటిది, పక్క ఫైలు పదీ ఐదప్పటిది వస్తుంది, తెరిస్తే ఎర్రర్. డేటాబేస్ డంప్ (మొత్తం డేటాను ఒకే క్షణానిదిగా ఫైలులోకి దింపడం) తీయడమే దారి. విండోస్‌లోని కాపీ ఆదేశం రోబోకాపీతో బ్యాచ్ ఫైలు రాసిచ్చే కుర్రాళ్లు "మిర్" ఆప్షన్ పెడతారు. అది గమ్యాన్ని మూలానికి అచ్చుగుద్దినట్టు చేస్తుంది, అంటే మూలంలో లేనివన్నీ గమ్యంలో చెరిపేస్తుంది. డ్రైవ్ అక్షరాలు తారుమారై ఖాళీ డిస్కు మూలమైతే ఉన్న డేటా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. "ఎల్" ఆప్షన్‌తో ముందు ఉత్తుత్తిగా నడిపి చూస్తే ఏది చెరిపేస్తుందో చూపిస్తుంది. అసలు మిర్ జోలికి పోకుండా తేదీ పేరుతో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవడం ఇంకా నయం. లెక్కల డేటా కొన్ని జీబీలే కదా!

పీకేసిన డిస్కును సర్వర్ ఉన్న బల్ల సొరుగులో పెడితే పడ్డ శ్రమంతా వృథా. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను, దుకాణాలను ముంచెత్తినప్పుడు రోజుల తరబడి దిగలేదు. అలాంటి నీటికి సొరుగూ ఒకటే, సర్వరూ ఒకటే. (మునిగిన డిస్కును ఎండలో పెట్టి, ఆరిందని కరెంటు ఇచ్చి చూడొద్దు. లోపలి బురద డేటా చదివే హెడ్డుకింద పడి, డేటా ఉన్న పళ్లేన్ని గీరేస్తుంది.) పెద్దవాళ్లూ ఇందుకు అతీతులు కారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి, ఉద్యోగుల ఫైళ్లు దాచిన జీ-డ్రైవ్‌లో (గూగుల్‌ది కాదు, ఆ ప్రభుత్వానిది) 858 టీబీ బూడిదైంది. దానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదు. అ, ఆ డిస్కుల్లో ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, వీలైతే పై అంతస్తులో.

ఇంత చేసినా ఒక పని మిగిలే ఉంటుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌కు ఐదు ఏర్పాట్లుంటే అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. డంప్ తీసే సాఫ్ట్‌వేర్ వెర్షన్ సర్వర్‌తో కలవక రోజూ విఫలమవుతోంది, ఎవరూ చూసుకోలేదు. ఒక ఇంజనీరు వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసి ఉంచిన నకలు పుణ్యాన ఆరు గంటల డేటాతో నష్టం ఆగింది.

మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్కును వేరే కంప్యూటర్‌కు గుచ్చి రీస్టోర్ చేయండి, అంటే దాచిన డేటాను తిరిగి దింపి తెరిచి చూడండి. టాలీ అయితే ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, చివరి వోచర్ నంబరు సర్వర్‌తో సరిపోవాలి. స్టూడియో అయితే ఎక్కడెక్కడివో పది ఫొటోలు తెరిచి చూడాలి. బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉన్న డిస్కు వేరే మెషీన్‌లో పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ అడుగుతుంది, ఆ కీని కాగితం మీద రాసి ఉంచాలి. డీటీపీవాళ్లకు ఇంకో మాట. అనూ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగా కనబడే పద్ధతి) కావు. ఫైలు దాచి ఫాంటు దాచకపోతే తెరిచినప్పుడు తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాల గందరగోళమే కనబడుతుంది. ఫాంట్లు, పేజ్‌మేకర్ సెటప్, వీలైతే ఒక పీడీఎఫ్ కూడా అదే డిస్కులో పెట్టుకోవాలి.

ఏప్రిల్‌లో చాలా ఆఫీసులు ఏఎంసీలు (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు) పునరుద్ధరిస్తాయి. ఆ కాగితంలో "యాంటీవైరస్, క్లీనింగ్, సర్వీస్" అని ఉంటుంది. రీస్టోర్ మాటే ఉండదు. ఒక వరస కలిపించండి: మూడు నెలలకోసారి మా ఎదుట రీస్టోర్ చేసి చూపాలి, ఎంతసేపు పట్టిందో రాసి తేదీతో సంతకం పెట్టాలి. ఆ వరసకు ఒప్పుకోని టెక్నీషియన్‌కు ఏఎంసీ ఇవ్వకండి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
విజయవాడ