మూడు నెలల లెక్క తీసేయొద్దు, ఒకే లెక్క మూడుసార్లు అడగొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అమెరికాలో ఒక చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) ఆఫీసులో గ్రాంట్ల లెక్కలు చూస్తాను. ఫెడరల్ డబ్బు, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బు, తీసుకునే డిస్ట్రిక్టులు మూడు నెలలకోసారి రిపోర్టు పంపడం దండగనీ, ఏడాదికోసారి చాలనీ ఇక్కడ చాలామంది అంటుంటారు, మనవాళ్ళు కూడా. ఆ మాట నేను ఒప్పుకోను.

ఒకసారి క్వార్టర్ (మూడు నెలల గడువు) చివర్లో జీతాల పట్టీ సరిచూస్తుంటే ఒక విషయం బయటపడింది. చదవడంలో వెనకబడిన పిల్లల కోసం టైటిల్ వన్ (పేద పిల్లలు ఎక్కువున్న బడులకిచ్చే ఫెడరల్ గ్రాంటు) డబ్బుతో పెట్టుకున్న టీచరును, ఎవరో సెలవులో ఉన్నారని ఆరు వారాలుగా సగం పూట వేరే క్లాసుకి పంపుతున్నారు, జీతం మాత్రం మొత్తం ఆ గ్రాంటులోంచే పోతోంది. ఆవిడ తన టైం షీట్‌లో ఉన్నదున్నట్టే రాసింది, పక్కన పెన్సిల్‌తో రూమ్ నంబరు కూడా వేసింది. ఆ కాగితం మా టేబుల్ దాకా రాలేదు, అంతే. తెలిసిన వారంలోనే సరిచేశాం, ఆవిడ మళ్ళీ ఆ పిల్లల దగ్గరికి వెళ్ళింది. అదే బడి ఏడాది ముగిశాక, ఏ జూన్‌లోనో తెలిసుంటే డబ్బు వెనక్కి సర్దేవాళ్ళమేమో గానీ, ఆ పిల్లలకి పోయిన చదువు ఎక్కడి నుంచి తెస్తాం?

ఇబ్బంది లేదని కాదు. ఆర్థిక మాంద్యంలో వచ్చిన 2009 రికవరీ చట్టం క్వార్టర్ ముగిసిన 10 రోజుల్లో లెక్క చెప్పమంది, ఎంత ఖర్చయింది, ఎన్ని ఉద్యోగాలు నిలిచాయి అని. కరోనా సాయానికి తెచ్చిన 2020 కేర్స్ చట్టం కూడా 1,50,000 డాలర్లు దాటిన నిధులకి అదే 10 రోజులు పెట్టింది. మామూలు గ్రాంట్లకి ఫెడరల్ నిబంధనలు కొంచెం నయం, క్వార్టర్ రిపోర్టుకి 30 రోజులిస్తాయి. కానీ మాలాంటి డిస్ట్రిక్టులకి టైటిల్ వన్ డబ్బు నేరుగా రాదు, రాష్ట్ర విద్యాశాఖ ద్వారా వస్తుంది, వాళ్ళు తమ లెక్కలు కట్టుకోవాలి కాబట్టి మాకు ఇంకా ముందు తేదీ పెడతారు. పెద్ద డిస్ట్రిక్టులో దీనికో టీమే ఉంటుంది. మా దగ్గర జీతాలు వేసేదీ నేనే, రిపోర్టు పంపేదీ నేనే, క్వార్టర్ ముగిసిన వారమంతా ఒకటే టెన్షన్.

అసలు కష్టం తేదీతో కాదు. ఒకే టీచరు జీతాన్ని రాష్ట్రం పోర్టల్‌లో ఒక పద్దు కింద, స్కూల్ బోర్డుకి ఇంకో పద్దు కింద, ఆడిటర్‌కి మరో రకంగా విడగొట్టి రాయాలి, తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి. మా ఖాతా పుస్తకంలో ఉన్న పద్దులనే రాష్ట్రం యథాతథంగా తీసుకుంటే సగం పని తగ్గిపోతుంది. మిగిలిన ఆ టైములో, ఈ డబ్బుతో ఈ మూడు నెలల్లో ఎంతమంది పిల్లలకి చదువు చెప్పారో ఒక్క లైను అడగండి, సంతోషంగా రాస్తాను.

అమెరికాలో ఉన్న మీ పాఠకులకి ఒక మనవి. ఈసారి స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్ళినప్పుడు ఫెడరల్ గ్రాంట్ల క్వార్టర్ రిపోర్టు చూపించమని అడగండి. అందులో జీతాల వరుస చూసి, ఆ టీచర్లు ఇప్పుడు ఏ క్లాసులో ఉన్నారో కూడా అడగండి.

ఇట్లు,
ఒక గ్రాంట్ అకౌంటెంట్, అమెరికా