సీజన్ నడుమ సర్వర్ మార్చి మా ధర్మకాంటా ఆపినందుకు ఫిర్యాదు

మిర్యాలగూడ,
18 నవంబరు 2024

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: రైస్ మిల్లు గేటు, కాంటా సాఫ్ట్‌వేర్‌ను మాకు చెప్పకుండా కొత్త కంటైనర్‌లోకి (జావా ప్రోగ్రామ్‌ను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోకి) మార్చడం, ఆ తర్వాత టెస్ట్ డేటాబేస్‌తో డిప్లాయ్ చేయడం (సర్వర్‌లో పెట్టి నడపడం) గురించి.

అయ్యా,

మా మిల్లులో కంప్యూటర్ల పని చూసేది నేనే. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు జావా ప్రోగ్రామింగ్ మీద పనిచేసి ఊరికి తిరిగొచ్చినవాణ్ణి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం మీ ఇంజనీర్ ఫోన్లో నాకు చెప్పిన కారణాలు జావా తెలియనివాళ్ళకు చెప్పేవి.

వానాకాలం వడ్లు వస్తున్న రోజులు. మీకు తెలియకపోవచ్చు, మా దగ్గరికి వచ్చేవి ఎండబెట్టిన వడ్లు కావు. కోత మిషన్ నుంచి నేరుగా ట్రాలీలోకి పోసుకొచ్చే పచ్చి వడ్లు, సన్నాలు. ట్రాలీలో గంటలకొద్దీ నిలిస్తే వేడెక్కుతాయి, గింజ రంగు మారుతుంది. అందుకే కాంటా దగ్గర పది నిమిషాల ఆలస్యానికి కూడా రైతు ఊరుకోడు. ఊరుకోవాల్సిన పని కూడా లేదు.

సోమవారం రాత్రి పది దాటాక మీవాళ్ళు రిమోట్‌లో లాగిన్ అయి, మా సాఫ్ట్‌వేర్‌ను నడిపే కంటైనర్ టామ్‌క్యాట్ 9 తీసేసి టామ్‌క్యాట్ 10 పెట్టారు. మాకు ఒక్క మెసేజ్ లేదు. తెల్లారి ఆరింటికి గుమాస్తా గేటు స్క్రీన్ తెరిస్తే 404, అంటే పేజీ దొరకలేదన్న ఎర్రర్. ఏడింటికల్లా ట్రాక్టర్ల వరస రోడ్డెక్కింది. ఫోన్ చేస్తే మీ ఇంజనీర్ అన్న మొదటి మాట, "మీ దగ్గర కరెంటు పోయి సర్వర్ కరప్ట్ అయి ఉంటుంది." నేను సర్వర్ అప్‌టైమ్ చూశాను. 41 రోజులుగా అది ఒక్కసారి కూడా ఆగలేదు. టామ్‌క్యాట్ తన పని రాసుకునే కాటలీనా లాగ్ తెరిస్తే అసలు సంగతి మొదటి పేజీలోనే ఉంది: 'జావాఎక్స్ సర్వ్‌లెట్' క్లాసు దొరకలేదట, అప్లికేషన్ స్టార్టే కాలేదు.

దీనికి మా కరెంటు ఏం చేస్తుంది? ఒరాకిల్ 2017లో జావా ఈఈని (జావా వెబ్ ప్రోగ్రామ్‌ల ప్రమాణాలను) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. 'జావాఎక్స్' పేరు మాత్రం వాళ్ళు ముందుకు వాడుకునే వీలు లేకపోయింది. కాబట్టి దాని కొత్త రూపంగా 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ఆ పేరుతో ఉన్న ప్యాకేజీలన్నీ (కోడ్ విభాగాలన్నీ) 'జకార్తా'గా మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేర్లతో నడుస్తుంది, 10 కొత్త పేర్లతో నడుస్తుంది. మీరు మాకిచ్చిన వార్ ఫైలు (అప్లికేషన్ మొత్తాన్ని ఒక్కటిగా కట్టిన ఫైలు) పాత పేర్లతో కంపైల్ అయింది. అది 10లో అట్లాగే లేవదని జావా నేర్చుకునే పిల్లగాడు కూడా చెప్తాడు. పోనీ, టామ్‌క్యాట్ 10లోనే 'వెబ్‌యాప్స్-జావాఈఈ' అని ఒక ఫోల్డర్ పెట్టుకోవచ్చు. పాత వార్‌ను అందులో వేస్తే పేర్లు మార్చి అదే డిప్లాయ్ చేస్తుంది. ఆ ప్రయత్నం కూడా చేయలేదు. అసలు తొందరేముంది? 9కి ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తూనే ఉన్నాయి. యాసంగి పంటకు ముందు మిల్లు ఖాళీగా ఉండే రోజుల్లో చేసుకోవచ్చు. కొత్త వెర్షన్ వద్దని నేను అనడం లేదు, మార్చిన వేళ గురించే నా గొడవ.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పొద్దున కాగితం మీద రాసుకుని ఎట్లాగో నెట్టుకొచ్చాం.

పదకొండింటికి మీవాళ్ళు టామ్‌క్యాట్ 9 మళ్ళీ పెట్టి, "ఫ్రెష్ బిల్డ్" అంటూ కొత్త వార్ ఒకటి వేశారు. స్క్రీన్ వచ్చింది, చీటీలు ప్రింట్ అవుతున్నాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండు గంటలప్పుడు గుమాస్తా నన్ను పిలిచి, "అన్నా, ఈ 'టెస్ట్ రైతు 1' ఎవరు? మనూరాయన కాదు కదా" అన్నాడు. లిస్టులో నిజంగానే ఉన్నాడు. ఊరి పేరు 'ఏబీసీ', వడ్లు వెయ్యి బస్తాలు.

వార్ అంటే జిప్ ఫైలే కదా, విప్పి చూశాను. వెబ్-ఇన్ఫ్ కింద క్లాసెస్ ఫోల్డర్‌లో డేటాబేస్ ప్రాపర్టీస్ (సెట్టింగుల) ఫైలు ఉంది. అందులో అడ్రస్ మాది కాదు, మీ టెస్ట్ మెషీన్‌ది. పక్కనే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా తెరిచిపెట్టి ఉన్నాయి. కంటైనర్ అనేది ఉన్నదే ఇందుకు. డేటా సోర్స్‌ను, అంటే డేటాబేస్ అడ్రస్, పాస్‌వర్డ్ వివరాలను, సర్వర్ వైపు కాంటెక్స్ట్ అనే సెట్టింగుల ఫైలులో రాసుకుంటాం, అప్లికేషన్ దాన్ని జేఎన్‌డీఐ (సర్వర్‌ను పేరు చెప్పి అడిగే జావా పద్ధతి) పేరుతో అడిగి తీసుకుంటుంది. అప్పుడు అదే వార్ మీ ఆఫీసులో మీ డేటాబేస్‌తో, మా మిల్లులో మా డేటాబేస్‌తో నడుస్తుంది, లోపల ఏదీ ముట్టుకోనక్కర్లేదు. మీరేమో అడ్రస్‌ను వార్ కడుపులోనే పెట్టి బిల్డ్ చేస్తున్నారు. ఫైలు కాపీ చేస్తే డిప్లాయ్‌మెంట్ అయిపోయిందనుకుంటున్నారు.

ఆ మూడు గంటల్లో 37 బండ్ల లోడు తూకం మీ టెస్ట్ మెషీన్‌కు పోయింది. అప్పటికే సగానికి పైగా బండ్లు వడ్లు దింపేశాయి. కుప్పలో కలిసిన వడ్లను మళ్ళీ కాంటా ఎక్కించేదెట్లా? మా డేటాబేస్‌కు తిరిగొచ్చాక, దింపిన బండి ఖాళీ తూకానికి వస్తే కంప్యూటర్ ఆ నంబరే లేదంటుంది. ఒక పెద్దాయన రుమాలు కొసన ముడేసుకున్న చీటీ విప్పి నా బల్ల మీద పెట్టి, "చీటీ ఉన్నది గద సార్, మీ కంప్యూటర్ల లేకుంటే నేనేం జెయ్యాలె?" అన్నాడు. జవాబు చెప్పాల్సింది మీరు, తల దించుకున్నది నేను.

36 చీటీలు చూసి చేత్తో ఎక్కించాను. ఒక్కటి మాత్రం చెమటకు నల్లబడి 8,640 కిలోలా 8,840 కిలోలా తెలియలేదు. ఎక్కువ ఉన్న అంకెకే కట్టమన్నాడు మా సేటు. ఆ రెండు క్వింటాళ్ళ ధర మీ బిల్లులోంచి తీసేస్తున్నాం.

ఇప్పుడు మాకు కావాల్సినవి చెప్తాను. మీ మెషీన్‌లో ఉన్న ఆ 37 ఎంట్రీలు యథాతథంగా మాకు పంపాలి. ఆ నల్లబడ్డ చీటీ లెక్క కూడా అప్పుడే తేలుతుంది, మా సేటు ఎక్కువ కట్టలేదని తేలితే తీసేసిన డబ్బు తిరిగిస్తాం. తర్వాత మీ దగ్గర వాటిని తుడిచేసినట్లు లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. అందులో రైతుల పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి, అవి టెస్ట్ డేటా కాదు. డేటాబేస్ వివరాలను వార్‌లోంచి బయటికి తీసి సర్వర్ వైపు పెట్టాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ నేనే మారుస్తాను, మీకు చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా ఉండదు. ఇకముందు ఏ మార్పయినా మా దగ్గర ఉన్న రెండో మెషీన్‌లో ముందు నడిపి, ఒక ట్రాక్టర్‌కు చీటీ తీసి చూపించాకే అసలు సర్వర్ మీదికి రావాలి. పాత వార్, పాత టామ్‌క్యాట్ ఫోల్డర్ పక్కన దాచి ఉంచాలి. ఆ రోజు పాతది ఉండి ఉంటే వెనక్కి మళ్ళడం ఐదు నిమిషాల పని, ఐదు గంటలు పట్టేది కాదు.

ఈ మూడు నెలల మెయింటెనెన్స్ బిల్లు మా టేబుల్ మీదే ఉంది. పై పనులు అయ్యేదాకా అక్కడే ఉంటుంది. మీ రిమోట్ లాగిన్ నిన్న సాయంత్రం మూసేశాను. పని ఉంటే పగటిపూట ఫోన్ చేయండి, నేను ఎదురుగా కూర్చుని తెరుస్తాను.

ఇట్లు,
కంప్యూటర్ విభాగం,
మిల్లు యాజమాన్యం తరఫున

జత: కాటలీనా లాగ్ కాపీ, 37 చీటీల ఫోటోలు, 'టెస్ట్ రైతు 1' స్క్రీన్ ఫోటో.