తుంగభద్ర ఒడ్డున కార్తీక దీపోత్సవం, 2025: జమా ఖర్చుల వివరణ

బస్తీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ ప్రతి అంగడికీ కమిటీ నమస్కారాలు. నవంబర్ 5, బుధవారం, కార్తీక పౌర్ణమి నాడు కర్నూలు పాతబస్తీలో మన ఘాట్ దగ్గర జరిగిన దీపోత్సవం లెక్క ఇది. మొత్తం ముందే చెప్పేస్తున్నాం. జమ 1,61,950 రూపాయలు. ఖర్చు 1,50,916. మిగులు 11,034.

జమ ఎట్లా వచ్చిందంటే, నిరుటి మిగులు 6,340. ఇళ్ల నుంచి రశీదుల మీద, ఫోన్‌పేలో వచ్చిన చందా 84,350. అంగళ్ల నుంచి 41,500. ఆ రాత్రి ఘాట్ దగ్గర పెట్టిన హుండీలో 18,760. దాన్ని పూజారిగారి ఎదుట, ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని లెక్కపెట్టారు. చిల్లరే సగం. నిరుడు మైకులో చదివించి, ఏడాది తర్వాత చేతికిచ్చిన చందాలు 11,000.

ఈ చివరి పద్దు గురించి ఒక మాట. మైకులో పేరు చదివిన మాత్రాన అది జమ కాదు. ఈసారి కూడా చదివింపుల్లో 14,000 దాకా పలికారు, ఇంకా చేతికి రాలేదు. అందుకే ఆ అంకె పైన ఎక్కడా కనిపించదు. వచ్చిన రోజున రశీదు రాస్తాం, వచ్చే ఏడాది లెక్కలో చూపిస్తాం. పేర్లు ఇక్కడ వేయమని కొందరన్నారు. వేయం. పండగ చందా అప్పు కాదు.

ఇంకో 8,000 కూడా జమలో లేదు. బాణసంచాకే వాడాలని ఇద్దరు అంగడివాళ్లు ఇచ్చిన డబ్బు అది. అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయి అంతమంది చనిపోయాక, పన్నెండో రోజున మన ఒడ్డున టపాకాయలు పేల్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆర్కెస్ట్రా కూడా వద్దనుకున్నాం. డబ్బు ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చి, రశీదు పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాం. వాళ్లలో ఒకాయన ఆ సొమ్ములో 3,000 ప్రసాదానికి రాయించారు. అది అంగళ్ల పద్దులో కలిసింది.

ఇక ఖర్చు. ఎక్కువమంది కట్టమీద అడుగుతున్న ప్రశ్న ఒకటే: "దీపాల పండగకు దీపాల కంటే తాళ్లకు, కట్టెలకు ఎక్కువ పెట్టడం ఏంది?" నిజమే. ప్రమిదలు, నూనె, వత్తులు, అరటి దొప్పలు అన్నీ కలిపి 22,300 అయ్యాయి. పుట్లు (గుండ్రటి బుట్ట పడవలు), ఈతగాళ్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, బారికేడ్లు కలిపి 34,400. తెలిసే చేశాం.

నవంబర్ 1న, కార్తీక ఏకాదశి రోజు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగింది. మనకు నాలుగు రోజులే టైముంది. మన ఘాట్‌కు దిగే దారి ఒకటే, ఎక్కే దారీ అదే. దీపం వదిలి పైకి వచ్చేవాళ్లు, పళ్లెం పట్టుకుని కిందికి దిగేవాళ్లు ప్రతి ఏడూ ఎదురెదురుగా రాసుకుంటూ పోవడం చూస్తూనే ఉన్నాం. అందుకే దారిని మధ్యకు చీల్చి కట్టెలు పాతించాం. ఎడమవైపు దిగాలి, పక్క సందులోంచి పైకి రావాలి. కట్టెలు, కట్టినవాళ్ల కూలి కలిపి 14,500. మొదటి గంటలో ముసలివాళ్లు చుట్టూ తిరగాల్సి వచ్చిందని తిట్టారు. ఆ తిట్లు మాకు సమ్మతమే.

నీళ్ల దగ్గర ఖర్చు 19,900. తెల్లవారుజామున స్నానాలు మొదలైనప్పటి నుంచి రాత్రి చివరి దీపం దాకా ఇద్దరు ముగ్గురు చొప్పున వంతులేసుకుని ఆరుగురు ఈతగాళ్లు ఉన్నారు. మనిషికి 1,500 చొప్పున 9,000. ఇందులోనే వాళ్ల పుట్ల బాడుగ కూడా. పది లైఫ్ జాకెట్లకు 8,500, తాళ్లకు 2,400. నది మనకు కొత్త కాదు కదా అని కొందరన్నారు. 2009 అక్టోబర్ 2న ఇదే తుంగభద్ర, హంద్రీ కలిసి ఇళ్లలోకి వచ్చినప్పుడు పైకప్పులెక్కి కూర్చున్నవాళ్లు మాత్రం ఆ మాట అనలేదు. ఎగువన సుంకేశుల బ్యారేజీలో గేట్లు ఎత్తితే ఇక్కడ మట్టం పెరుగుతుంది. నిన్న కనిపించిన మెట్టు ఈరోజు నీళ్లలో ఉంటుంది, కాలు పెట్టేవాళ్లకు తెలియదు. అందుకే ఆ మెట్టు దగ్గరే తాడు కట్టించాం.

ఒడ్డు శుభ్రానికి ముందు రోజుల్లో 17,600, మరుసటి రోజు 7,500. జేసీబీ ఆరు గంటలకు 7,200, మట్టి ఎత్తిన ట్రాక్టర్‌కు 4,800, ఎనిమిది మంది కూలీలకు 5,600. 2020 పుష్కరాలప్పుడు బాగుచేసిన మెట్లు ఇవి. అప్పుడు కోవిడ్ వల్ల నదిలో మునకలు వద్దని జల్లు స్నానాలు పెట్టారు, కాబట్టి ఆ మెట్ల మీద జనం పెద్దగా దిగిందే లేదు. ఇప్పుడు కింది మెట్ల మీద పాచి, బురద. అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను ముసురు పట్టడంతో ఒకసారి ఎత్తిన బురదే మళ్లీ ఎత్తాల్సి వచ్చింది. తర్వాతి పుష్కరం 2032లో. అప్పటిదాకా ఈ ఖర్చు ఏటా మనదే అనుకోవాలి.

థర్మకోల్ పళ్లేలు రానివ్వలేదని కొందరికి కోపం వచ్చింది. అరటి దొప్పలు 1,200 తెప్పించి ఉచితంగా ఇచ్చింది అందుకే. దొప్ప మూడు రూపాయలు. ఇక్కడ వదిలింది ఇక్కడ ఆగదు, కొట్టుకుపోయి సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం నీళ్లలో చేరుతుంది. ఇంటినుంచి 365 వత్తులు కట్టి తెచ్చుకున్నవాళ్లకు విడిగా ఇసుక తొట్లు పెట్టాం. తొట్లు, ఇసుక ఊరికే వచ్చాయి, పద్దులో లేవు.

లైట్లు, మైకు, జనరేటర్, డీజిల్ 21,800. దీపాలు వదిలే వేళకే జనరేటర్ ఆగిపోయి అరగంట చీకట్లో ఉన్నాం. జనం అదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు, మాకు మాత్రం టెన్షన్‌తో చెమటలు పట్టాయి. బాడుగలో 1,500 తగ్గించాకే ఈ అంకె. షామియానా, కుర్చీలకు 9,000. ఇది సగం బాడుగే. షామియానా భాయ్ మిగతా సగం తన చందా అనుకోమన్నారు. ఆయన ప్రతి ఏడూ ఇదే చేస్తారు, రశీదు రాస్తామంటే వద్దంటారు.

పూజ సామగ్రి, పూలు, పూజారిగారి సంభావన 9,116. ప్రసాదానికి 24,650. బియ్యం రెండు బస్తాలు దానంగా వచ్చాయి కాబట్టి ఇంతలో తేలింది. నూనె, చింతపండు, బెల్లం, గ్యాస్, విస్తరాకులు, వంటవాళ్ల కూలి ఇందులోవి. చిత్రాన్నం మిగల్లేదు, చక్కెర పొంగలి కొంచెం మిగిలింది. తాగునీళ్ల క్యాన్లకు 2,400. రశీదు పుస్తకాలు, కరపత్రాలు, ఒక ఫ్లెక్సీకి 2,150. ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో లేదు. అందుకే ఒక్కటి సరిపోయింది.

పద్దులోకి ఎక్కని ఒక దానం గురించి చెప్పాలి. పక్క పల్లె రైతు ఒకాయన నాలుగు బస్తాల ఉల్లిగడ్డలు దింపించి వెళ్లాడు. క్వింటాలు 1,200కు ప్రభుత్వమే కొంటానన్న ఏడాది ఇది, ఉల్లి రైతు పరిస్థితి అందరికీ తెలుసు. కార్తీకంలో ప్రసాదంలో ఉల్లి వేయలేం, ఆయన పెట్టిన చెయ్యిని కాదనలేం. మరుసటి రోజు ఒడ్డు ఊడ్చిన కార్మికులకు, ఈతగాళ్లకు పంచాం.

కమిటీవాళ్ల టీలు, టిఫిన్లు, పెట్రోలు ఇందులో ఒక్క రూపాయి లేదు. ఎవరి జేబు వాళ్లదే.

మిగులు 11,034లో 10,000 బ్యాంకు ఖాతాలో వేశాం, 1,034 కోశాధికారి చేతిలో ఉంది. రశీదు పుస్తకాల రెండో ప్రతులు, బిల్లులు, హుండీ లెక్క రాసిన కాగితం గుడి గదిలో ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి చూడొచ్చు. చందా ఇవ్వనివాళ్లు కూడా రావొచ్చు, అడగొచ్చు. తప్పుగా కనిపించిన పద్దు ఏదైనా ఉంటే పక్కన పెన్సిల్‌తో రాసి పెట్టండి, తర్వాతి కూర్చునే రోజున అందరి ముందు జవాబు చెబుతాం.

తాళ్లు, లైఫ్ జాకెట్లు ఇకమీదట బస్తీ ఆస్తి. వినాయక చవితికి కేసీ కెనాల్‌కు నిమజ్జనానికి వెళ్లే వీధుల కమిటీలు అడిగితే బాడుగ లేకుండా ఇస్తాం, పుస్తకంలో సంతకం పెడితే చాలు. కొన్నవి పది. గదిలో ఉన్నవి తొమ్మిది. ఆ రాత్రి చలికి వేసుకుని ఇంటికెళ్లినవాళ్లు ఎవరో గానీ, పదోది గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లండి. ఎవరని అడగం.